మొదటి బోల్టు

కంపెనీ షెడ్డులో బండ్ల యజమానులు కూర్చోవడానికి ఒక బెంచీ ఉంది. బెంచీ ముందు నడుమెత్తున ఒక కొయ్య కమ్మీ, దానికి అవతల ఆకుపచ్చ టార్పాలిన్ తెర. బండి ఆ తెర వెనక్కి పోతుంది. కాసేపటికి తెర పక్కనుంచి ఒక మనిషి వచ్చి, దానికి ఏమైందో చెప్పి పోతాడు. మధ్యలో జరిగింది బెంచీ మీద ఉన్నవాళ్ళకు కనపడదు.

రామసుబ్బమ్మకు ఆ ఏర్పాటు హాయిగానే అనిపించింది. కొన్ని నెలలుగా ఆమె అన్నిటినీ దగ్గరనుంచి చూస్తూ వచ్చింది. భర్త నారప పెదవి ఒక పక్కకు జారిపోవడం, ఎడమ చెయ్యి మంచం అంచు మీదనుంచి వేలాడడం, చెంచాతో పోసిన గంజి మెడ మీదికి కారడం, అన్నీ ఆమె కళ్ళ ముందే జరిగాయి. ఊరికే చూడడం వల్ల కూడా మనిషి అలిసిపోతాడని అంతకు ముందు ఆమెకు తెలియదు. ఇక్కడ చూసే పని ఇంకెవరో చేస్తారు. తీర్పు మాత్రం తెచ్చి చేతికిస్తారు.

ఆ రోజు ఆసుపత్రికి రావలసిన గురువారం. సిరిగేరి నుంచి బళ్ళారి వచ్చేదాకా దారి పొడుగునా కారు ఆవిరి కక్కింది. డ్రైవరు దురుగప్ప నీడ కనిపించిన చోటల్లా ఆపి, బానెట్ ఎత్తి, గోనెపట్టా అడ్డం పెట్టుకుని మూత తిప్పి నీళ్ళు పోశాడు. నారపను కంటోన్మెంటు ఆసుపత్రిలో దింపి, మరిది కోదండరామి చెప్పినట్టు కారును ఈ షెడ్డుకు తోలుకొచ్చారు.

తెర పక్కనుంచి షెడ్డు మేస్త్రీ భీమప్ప వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతిలో నూనె తుడుచుకునే నూలు పీచు. రామసుబ్బమ్మ లేచి నిలబడింది. అతను ఆమెను దాటి కోదండరామి వైపు చూసి మాట్లాడాడు.

"రేడియేటర్ లోపల పూరా కట్టుకోని పోయిందప్పా. బురద. డ్రైవరు కాలువ నీళ్ళు అట్లే తెచ్చి పోసినట్టుండాడు. అది మారిస్తే గాని బండి నడవదు. కొత్తది మద్రాసు నుంచి రావాల."

"ఎన్నాళ్ళు పడతాది?"

"నెల అనుకో. ఇంకా ఎక్కువైనా నాకు తెలీదు. వచ్చినాక మాత్రం గ్యారంటీ మాది. చూసుకోనక్కర్లేదు."

కోదండరామి ముఖంలో దిగులు వస్తుందని ఆమె ఎదురుచూసింది. దానికి బదులు భుజాలు కొంచెం కిందికి దిగాయి, బరువు దించుకున్నవాడిలాగా. అతని మనసు కొంత కాలంగా సండూరు కొండల మీద ఉంది. దోణిమలై వైపు ఇనుప రాయి తోలే కాంట్రాక్టరు ఒకడు అతన్ని లారీలో భాగస్తుడిగా చేర్చుకుంటానని ఆశ పెట్టాడు. ఆ కాంట్రాక్టరుకు ఈ కారు మీద కన్ను ఉంది.

"సోమవారం వస్తానన్నాడు వదినా. ఉన్నది ఉన్నట్టు తీసుకుంటాడంట. చెడిపోయిన బండిని పెట్టుకోని మనమేం చేస్తాం?"

ఆమె జవాబు చెప్పేలోగా అతను దురుగప్ప వైపు తిరిగాడు.

"విన్యావా? మురికి నీళ్ళు పోసి బండిని సంపినావు. రేపటి నుంచి రావద్దు."

"నేను గుడ్డ ఏసి వడగట్టి పోస్తానప్పా," అన్నాడు దురుగప్ప.

"మేస్త్రీ కంటే నీకు తెలుసా?"

దురుగప్ప జేబులోంచి తాళంచెవి తీశాడు. దానికి చేతి చెమట అంటి ఉంటుందని కాబోలు, భుజం మీది తువ్వాలుతో రెండు వైపులా తుడిచి, బెంచీ మీద కోదండరామి పక్కన పెట్టాడు. పెట్టాక తువ్వాలు విదిలించి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. బయటికి నడిచి, గేటు దగ్గర ఆగి, చెప్పులో దూరిన రాయి తీసుకుని వెళ్ళిపోయాడు.

రామసుబ్బమ్మ తాళంచెవి వైపు చూస్తూ ఉండిపోయింది. తప్పు చేసినవాడు తాళంచెవి అట్లా తుడుస్తాడా అనిపించింది. ఆ ఆలోచన మనసులోకి రాగానే దాన్ని పక్కకు నెట్టింది. మేస్త్రీ చెప్పాడు. మరిది విన్నాడు. తను తెరకు ఇవతల ఉంది.

సాయంత్రం నారపను బస్సులో తీసుకుపోవలసి వచ్చింది. కండక్టరు చంకల కింద, ఎవరో ముసలాయన కాళ్ళ దగ్గర పట్టుకుని పైకి ఎక్కించారు. కూర్చోబెట్టేటప్పుడు నారప తల ఒకరి మోకాలికి తగిలింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మాట పడిపోయిన మనిషికి సిగ్గు దాచుకోవడానికి కళ్ళు తప్ప ఇంకేమీ మిగలదు. ఆ రోజే ఆసుపత్రిలో కసరత్తు చేయించే నర్సు ఆయన ఎడమచేతి వేళ్ళు ముడిచి చూపించింది. చిటికెనవేలు తనంతట తానే వంగింది. "ఇప్పుడు మాత్రం ఆపద్దమ్మా. ఇప్పుడు ఆపితే చెయ్యి ఇట్లే నిల్చిపోతాది," అని ఆమె చెప్పింది. వారం వారం బస్సులో ఈ మనిషిని మోయడానికి ఎవరొస్తారు? ఒకసారి వస్తారు. రెండోసారి అయ్యో అంటారు. ఆ తర్వాత ఆయనే రానంటాడు. అది ఆమెకు తెలుసు. కారు పోతే ఆ చెయ్యి పోతుంది.

*

ఇంటికి చేరగానే అత్త నాగలక్ష్మమ్మ గడప దగ్గరకు వచ్చింది. కొడుకును చూడడానికి ముందు ఖాళీగా ఉన్న కారు కొట్టం వైపు చూసింది.

"దానికేమైందంట?"

"లోపల కట్టుకోని పోయిందంట అత్తా. దురుగప్ప మురికి నీళ్ళు పోసినాడని చెప్పినారు."

నాగలక్ష్మమ్మ పెదవులు కదిలాయి. అంత పెద్ద ఇంటిని నోటితోనే నడిపిన మనిషి. ఆ పొద్దు మాత్రం ఏమీ అనకుండా పశువుల కొట్టం వైపు వెళ్ళిపోయింది. రాత్రి అన్నం వద్దంది. కొడుకు కోసం బెంగ అనుకుని రామసుబ్బమ్మ బలవంతం చేయలేదు.

తెల్లవారి ఆమె దురుగప్ప ఇంటికి వెళ్ళింది. వీధి చివర, కాలువ గట్టు పక్కన. భూమి ఉన్న ఇంటి ఆడమనిషి ఆ గుడిసె ముందు నిలబడడం అదే మొదలు. దురుగప్ప భార్య హొన్నమ్మ చాటలో బియ్యం చెరుగుతూ ఉంది. లేవలేదు, చాట ఆపలేదు.

"ఇంటికి వచ్చి మరీ తిట్టాలా అమ్మా? షెడ్డులో తిట్టింది చాల్లేదా?"

"నువ్వు గమ్మునుండవే," అంటూ దురుగప్ప బయటికి వచ్చాడు.

"ఏమిటికి గమ్మునుండాల? నీళ్ళు వడగట్టి పోస్తాడు తల్లీ, బండికి. ఇంట్లో నేను తాగే కుండలో కప్పపిల్లలు ఈదుతాంటాయి, దానికి మాత్రం గుడ్డ లేదు. పెండ్లినాటి నా చీర చించి బండికి వడపోత కట్టినాడు. ఆ గుడ్డ చూస్తావా?"

చూపించింది. తీగ చట్రానికి కుట్టిన ఎర్రచీర ముక్క. అంచు జరీ ఇంకా అక్కడక్కడా మెరుస్తోంది. రామసుబ్బమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. ఇసుక రేణువు కూడా దాటేట్టు లేదు. నిన్న పక్కకు నెట్టిన ఆలోచన మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడింది.

"కంపెనీ వాళ్ళు కాకుండా ఇంకెవరైనా చూసేవాళ్ళు ఉండారా దురుగప్పా?"

"కౌల్‌బజారులో గాళెప్ప ఉండాడమ్మా. ఆ మనిషి పని కండ్ల ముందరే చేస్తాడు. కానీ…"

"ఏంది?"

"బాగైతాదని నేను చెప్పలేను. కంపెనీ వాళ్ళ మాదిరి గ్యారంటీ అదీ ఆయప్ప ఇయ్యడు. అక్కడ చెడిపోతే మళ్ళీ నా నెత్తి మీదికే వస్తాది."

"నీ నెత్తి మీదికి రాదు," అందామె. "నా నెత్తి మీద ఏస్కుంటా. పా, బస్సు వచ్చే యాళయింది."

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నారప మంచాన పడ్డనాటినుంచి ఇంట్లో ఏది తేలాలన్నా ఇంకెవరో తేల్చారు. అంతకు ముందు ఆయన తేల్చేవాడు. నా నెత్తి మీద అన్న మాట నోటినుంచి వచ్చిందే గాని, అది ఎవరి మాటో ఆమెకే అర్థం కాలేదు. దిగి వెనక్కి పోదామా అని కిటికీ కమ్మీ మీద వేళ్ళు బిగించింది. బస్సు ఆగిన ప్రతిచోటా అదే అనుకుంది. దిగలేదు.

షెడ్డులో భీమప్ప ఆశ్చర్యపోయాడు గాని అడ్డుపడలేదు.

"ఈడనుంచి తీసుకోని పోతే మళ్ళీ మా జవాబుదారీ ఉండదమ్మా. బయటి మెకానిక్కులు కడిగి ఇస్తారు, నాలుగు దినాలు నడస్తాది. ఆలోచన చేసుకోండి."

అతను చెప్పింది అబద్ధం కాదని ఆమెకు అనిపించింది. అదే కష్టం. ఒక పక్క మోసం, ఒక పక్క నిజం ఉంటే ఎంచుకోవడానికి మనిషి అక్కర్లేదు. ఇక్కడ ఒక పక్క ఆలస్యం ఉంది, ఇంకో పక్క అనుమానం ఉంది. రెండూ నిజమే.

"తీసుకోని పోతా," అంది.

కారు కదలదు. మార్కెట్టులో పత్తి బేళ్ళు దించి ఖాళీగా ఉన్న ఎద్దుల బండివాణ్ణి దురుగప్ప పిలుచుకొచ్చాడు. ముందు ఎద్దులు, వెనక మోకుతో కట్టిన కారు, స్టీరింగు దగ్గర దురుగప్ప, పక్కన రామసుబ్బమ్మ. కంటోన్మెంటు రోడ్డులో సైకిళ్ళ మీద పోయేవాళ్ళు దిగి చూశారు. ఎవరో అరిచారు: "ఏమప్పా, పెట్రోలు అయిపోయి గడ్డి ఏసినావా?" బండివాడు వెనక్కి తిరిగి, "మైలేజీ బాగుండాది సామీ!" అన్నాడు. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది. లాక్కున్న కొంగు కింద తను నవ్వుతున్నట్టు కాసేపటికి గాని తెలుసుకోలేదు.

*

గాళెప్పకు షెడ్డు లేదు. నాలుగు గుంజల మీద తడకలు, కింద నూనె తాగి నల్లబడిన నేల. బెంచీ లేదు. గాళెప్ప వక్కాకు నములుతూ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఓనరు ఎవరు?"

"ఈయమ్మే," అన్నాడు దురుగప్ప.

గాళెప్ప పానా తీసి ఆమె వైపు చాపాడు.

"పట్టక్కా."

"నేనా?"

"నా దగ్గర మొదటి బోల్టు ఓనరే వదులు చేయాల. ఎవరి బండయినా అంతే. ఎనకొక సావుకారు, నేను కొత్త సామాను దించి పాతది ఏసినానని పంచాయితీ పెట్టినాడు. ఆ పొద్దునుంచి ఇదే కాయిదా. మొదటిది నువ్వు తిప్పాల, మిగిలినవి నేను తిప్పుతా. అయ్యేదాకా నువ్వు ఈడే నిలబడి చూడాల. ఓనరుకు పురుసొత్తు లేకుంటే నాకూ లేదు."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. పానా అనుకున్నదానికంటే బరువుగా ఉంది. బోల్టు మీద పెట్టి లాగింది. కదల్లేదు. రెండు చేతులతో లాగింది. గాళెప్ప సాయానికి రాకుండా ఒక ఇనుప గొట్టం ముక్క తెచ్చి పానా కాడకు తొడిగాడు. "ఇప్పుడు లాగు. పిడి పొడుగైతే బలం తనే వస్తాది." ఆమె ఒంటి బరువంతా వేసి లాగింది. కిర్రుమని చిన్న చప్పుడు. బోల్టు వదులైంది. ఆ చప్పుడు తన భుజంలోంచే వచ్చినట్టు అనిపించిందామెకు.

ఆ తర్వాత గాళెప్ప చేతులు వేగంగా కదిలాయి. గొట్టాలు విప్పాడు, రేడియేటరును రెండు చేతులా ఎత్తి తెచ్చి వెడల్పాటి ఇనుప తట్ట మీద తలకిందులు చేశాడు. మొదట ఏమీ రాలేదు. చెక్కసుత్తితో మెల్లగా తట్టాడు. ముదురు గోధుమరంగు ముద్దలు ఒకటొకటిగా ఊడి పడ్డాయి.

"చూడక్కా. కంపెనీ వాళ్ళు చెప్పింది నిజమే. కాలువ బురద. నీ డ్రైవరే చెడగొట్టినాడు."

ఇంత దూరం వచ్చి, ఊరంతా చూస్తుండగా కారు ఈడ్పించుకుని, చివరికి వినవలసింది అదే మాటా! ఆమె దురుగప్ప వైపు చూసింది.

దురుగప్ప వంగి, ముద్దను వేలితో తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతని కనుబొమలు పైకి లేచాయి. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకుని, వేలు బక్కెట్టులో ముంచి కడుక్కున్నాడు.

"హౌదప్పా. బురదే. నాదే తప్పు."

పొద్దున చీరగుడ్డ చూపించిన ఇంటి మనిషి ఇప్పుడిట్లా ఎందుకన్నాడో ఆమెకు అర్థం కాలేదు. వంగింది. ముద్ద తీసి వాసన చూసింది.

వాము. శొంఠి. వాటి వెనక మాడిన బెల్లం. ఇంకా కింద, ఉడికి చెడిన కోడిగుడ్డు.

ఆ వాసన ఆమెకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. కారహుణ్ణిమ నాడు, ఏరువాక పండగకు, ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, నోరెత్తిపట్టి, వెదురు గొట్టంతో పోసే రాగి అంబలి అది. ఏరు కట్టే ముందు ఒంట్లోకి సత్తువ రావాలని పోస్తారు. ఆ కుండ నాగలక్ష్మమ్మది. ఇంట్లో ఇంకెవ్వరూ ముట్టకూడదు. వాము ఎంత వేయాలో, గుడ్లు ఎప్పుడు కొట్టాలో అడిగినందుకు కొత్తకోడలుగా ఉన్నప్పుడు ఒకసారి నలుగురిలో మాట పడింది. ఈ కారహుణ్ణిమ పొద్దున వంటింటి కిటికీలోంచి కారు కొట్టం వైపు చూసినప్పుడు, అత్త బానెట్ దగ్గర గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. బొట్టు పెడుతోందనుకుంది. చూసింది గాని చూడలేదు. ఆ తర్వాతి వారం నుంచే కారు వేడెక్కడం మొదలైంది.

ఆమెకు మొదట కలిగింది సంతోషం. తనకే భయం వేసేంత సంతోషం. ఇన్నేళ్ళకు అత్త తప్పు ఒకటి, వాసనతో సహా, తన చేతి వేలి మీద ఉంది. ఇంటికి తీసుకుపోయి మరిది ముందు, ఇరుగుపొరుగు ముందు ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నోటిలో ఎట్లా తిరుగుతుందో కూడా ఊహించుకుంది. తియ్యగా ఉంది. ఇంత తీపి తనలో ఎప్పటినుంచి ఊరుతూ ఉందో!

అప్పుడు బక్కెట్టు అంచున దురుగప్ప తడివేలు కనిపించింది. ఎద్దుల మధ్య పెరిగినవాడు. వాసన అతనికి ఆమెకంటే ముందే తెలిసింది. తెలిసే, కడుక్కున్నాడు.

"అది బురద కాదు గాళెప్పా," అంది.

"మరేంది?"

"ఎద్దులకు పోసే అంబలి. కారహుణ్ణిమకు పోస్తారే, అది. మా ఇంట్లో వాళ్ళు పోసినారు. ఈ మనిషి తప్పేం లేదు."

గాళెప్ప నమలడం ఆపాడు. ముద్దను చూశాడు, ఆమెను చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"అంబలి! నేను బురదేననుకుంటి గదక్కా! తాగినాక సత్తువ వచ్చిందా మరి?"

"వచ్చినట్టే వచ్చి పోయింది," అందామె. ముగ్గురూ నవ్వారు. నవ్వు తగ్గాక దురుగప్ప మెల్లగా అన్నాడు: "ఎందుకమ్మా చెప్పినావు? నా పని ఎట్లాగూ పోయింది. ఇంక పెద్దమ్మ పేరు ఏమిటికి…"

"నేను ఏ పేరూ చెప్పలేదు. పని పోయిందని నీకెవరు చెప్పినారు?"

గాళెప్ప చాకలిసోడా వేసి నీళ్ళు మరిగించి, కింది మూతినుంచి పైకి ఎక్కించి కడిగాడు. సన్నని రేకుపట్టీతో ఒక్కొక్క సందూ దువ్వాడు. రెండు చోట్ల కారింది. టంకం పెట్టాడు. ఆమె నిలబడి అంతా చూసింది. కాళ్ళు లాగాయి గాని, చూడడం వల్ల వచ్చే పాత అలసట మాత్రం రాలేదు. మంచం పక్కన కూర్చుని చూసే చూపు వేరు, ఇది వేరు. ఇందులో చేతికి ఒక పానా ఉంది.

"నిలుస్తాదా?" అని అడిగింది.

"చెప్పలేనక్కా. నిలిస్తే ఏండ్లు నిలుస్తాది. లేకుంటే కంపెనీ కొత్తదే గతి. కానీ వేడికి లోపల గ్యాస్కెట్ కాలిపోయింది చూడు. అది నా దగ్గర లేదు. ఆ భీమప్ప దగ్గరే దొరకాల. పోయి తీసుకో. నేను అడిగినానని చెప్పు, ఏమనుకోడు. మంచోడే."

*

మరుసటి రోజు పొద్దున మళ్ళీ ఆ బెంచీ దగ్గరకు వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు. కమ్మీ దగ్గర నిలబడి భీమప్పను పేరుపెట్టి పిలిచింది. కాలిన గ్యాస్కెట్ గుడ్డలోంచి తీసి కమ్మీ మీద పెట్టింది. అతను దాన్ని తిప్పి చూసి, "రేడియేటర్ విప్పినారా? ఏం వచ్చింది?" అన్నాడు.

ఆమె చెప్పింది. అతను నవ్వలేదు. తల గోక్కున్నాడు.

"మేము విప్పేది లేదమ్మా. తీసేసి కొత్తది ఏసేస్తాం. మా పద్ధతి అది. లోపల ఏముండాదో మాకెప్పుడూ తెలీదు." ఆగి అన్నాడు: "నేను ఈడ చేరిన దినం మా అమ్మ నా పానాలన్నిటికీ పాలు పోసి పూజ చేసింది. అన్నీ తుప్పు పట్టినాయి. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

కొత్త గ్యాస్కెట్ తెచ్చి ఇస్తూ, ఆమె వెనక గేటు దగ్గర నిలబడ్డ దురుగప్ప వైపు చూసి చెయ్యి ఎత్తాడు. అది నమస్కారమో, తప్పయిందని చెప్పడమో తెలియలేదు. దురుగప్ప కూడా చెయ్యి ఎత్తాడు.

తాళంచెవి కోదండరామి దగ్గరే ఉండిపోయింది కాబట్టి, గాళెప్ప గ్యాస్కెట్ బిగించి, తీగలు కలిపి ఇంజను నడిపించి ఇచ్చాడు. ఆ సాయంత్రం కారు సిరిగేరికి తన కాళ్ళ మీద తానే వచ్చింది. దారిలో దురుగప్ప ఎక్కడా ఆపలేదు. వేడి చూపించే ముల్లును మాత్రం ఇద్దరూ వదలకుండా చూస్తూ వచ్చారు. ముల్లు మధ్యలో నిలిచిపోయింది.

కోదండరామి కొట్టం ముందే నిలబడి ఉన్నాడు.

"ఎద్దులకు కట్టి బళ్ళారంతా ఊరేగించినావంట వదినా. నలుగురూ నన్ను అడుగుతాండారు."

"నడిచొచ్చింది చూడు."

"వీడెందుకు మళ్ళీ వచ్చినాడు? బురద పోసిన…"

"బురద కాదు. మన ఇంట్లో వాళ్ళే కారహుణ్ణిమ అంబలి దాని నోట్లో పోసినారు. నా ముక్కుతో వాసన చూసినా."

"ఎవరు?"

లోపల వంటింట్లో తిరగలి ఆగింది.

"ఎవరైతే ఏంది? దురుగప్ప కాదు. తాళంచెవి ఆయప్పకు ఇయ్యి."

కోదండరామి వంటింటి వైపు చూశాడు. తాళంచెవి ఇవ్వలేదు. ముంగిటి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. దురుగప్ప దాన్ని తీసుకోకుండా రామసుబ్బమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపాక తీసుకున్నాడు.

నారప మంచం పక్కన కూర్చుని ఆమె ఆయన ముఖం తుడిచింది. "బం…డి?" అన్నాడు ఆయన. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఎద్దుల బండి సంగతి, పెట్రోలు అయిపోయి గడ్డి వేశావా అన్న మాట, పానాకు గొట్టం తొడగడం, అన్నీ చెప్పింది. చివరకు గొంతు తగ్గించి, ముద్దలోంచి వచ్చిన వాసన ఏమిటో చెప్పింది. ఎవరి చెయ్యో చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. ఆ అంబలి ఆయన పుట్టిననాటి నుంచీ ఎరిగిందే.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ముఖంలో కుడిపక్క ముందు నవ్వింది. తర్వాత గొంతులో గరగర మొదలైంది. ఆమె భయపడి తల ఎత్తిపట్టుకుంది. అది ఉక్కిరిబిక్కిరి కాదు. నవ్వు. పడిపోయిన నాటినుంచి ఆ ఇంట్లో ఎవరూ వినని చప్పుడు. మంచం కదిలేంత నవ్వు.

నాగలక్ష్మమ్మ గుమ్మంలో వచ్చి నిలబడింది. చేతుల నిండా పిండి. ఆమె వెనక కోదండరామి.

"ఏమిటికి? ఏమిటికి నవ్వుతాండాడు?"

నారప తల్లి వైపు చూసి, ఊపిరి కూడగట్టుకుని ఒక్కటే మాట అన్నాడు.

"అంబలి."

ముసలామె ముఖం ఎర్రబడింది. పిండి చేతులతోనే కొంగు తీసుకుని మూతికి అడ్డం పెట్టుకుంది.

"నా కొడుకును మోస్తాండాది గదా అది," అంది కొంగులోంచి. "ఎద్దుకైతే గడ్డి ఏస్తాం, నీళ్ళు పెడతాం. దాని ఒంట్లో సత్తువ యాడినుంచి వస్తాదని…" ఆ మాట పూర్తి కాలేదు. నారప ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు వింటూ ఆమె గుమ్మంలోనే కింద కూర్చుండిపోయింది. కోదండరామి అన్న ముఖం వైపే చూస్తూ నిలబడి, తర్వాత చప్పుడు చేయకుండా బయటికి నడిచాడు.

సోమవారం కాంట్రాక్టరు జీపు వచ్చింది. రామసుబ్బమ్మ తలుపు వెనకనుంచి వింది. కోదండరామి అతన్ని అరుగెక్కించలేదు. వీధిలోనే నిలబెట్టి మాట్లాడాడు. "బండి ఇచ్చేది లేదప్పా. మా అన్నకు కావాల. లారీ సంగతి అంటావా, మల్లా యాడాదికి చూద్దాం." అతని గొంతులో కొంచెం బాధ ఉంది. ఆ బాధ నిజమైనదే. దానికి ఆమె ఎప్పుడో ఒకనాడు ఏదో ఒకటి చేయాలనుకుంది.

గురువారం పొద్దున దురుగప్ప కారు ముంగిట్లోకి తెచ్చి, బానెట్ ఎత్తి, ఎర్రచీర గుడ్డలోంచి బక్కెట్టులోకి నీళ్ళు వడగడుతున్నాడు. కోదండరామి అన్నను ఎత్తుకొచ్చి వెనక సీటులో కూర్చోబెట్టాడు. అప్పుడు నాగలక్ష్మమ్మ వెదురు గొట్టం పట్టుకుని బయటికి వచ్చింది. అందరూ ఆగిపోయారు. ఆమె ఎవరినీ చూడకుండా నేరుగా దురుగప్ప దగ్గరకు వెళ్ళి, గొట్టం అతని ముందుకు చాపింది.

"దీన్ని నువ్వే పెట్టుకో నాయనా. నా చేతికి అందనీయొద్దు. నీ పని పోగొడితి నేను."

దురుగప్ప గొట్టం అందుకున్నాడు. ఏం చేయాలో తెలియక తిప్పి తిప్పి చూశాడు. నున్నగా ఉంది, చేతులు పట్టీ పట్టీ అరిగిన నునుపు. రామసుబ్బమ్మ వైపు చూశాడు. ఆమె రేడియేటరు దగ్గరకు నడిచింది. మూత మీద గుడ్డ వేసి, తనే తిప్పి తీసింది.

దురుగప్ప గొట్టాన్ని బక్కెట్టులో ముంచి నింపాడు. రెండు చేతులతో ముసలామెకు తిరిగి ఇచ్చాడు.

"నువ్వే పొయ్యవ్వా. వడగట్టిన నీళ్ళు."

నాగలక్ష్మమ్మ గొట్టం అందుకుంది. ఎద్దు తల నిమిరినట్టు బానెట్ అంచు మీద ఒక చెయ్యి వేసింది. ఇంకో చేత్తో గొట్టం వంచింది. కోడలు కింద చెయ్యి పట్టి ఆనించింది. నీళ్ళు సన్నని ధారగా, ఒక్క చుక్క కింద పడకుండా లోపలికి దిగాయి. గొంతు దాకా వచ్చి నిలిచి, ఎండలో తళుక్కుమన్నాయి.

"చాలవ్వా," అన్నాడు దురుగప్ప. "కడుపు నిండింది."

వెనక సీటులోంచి ఆ గరగర చప్పుడు మళ్ళీ వినిపించింది.